మా వాగు ఇంజను ఎందుకు ఆగింది? – మ్యాగ్నెటో గురించి తెలుసుకుందాం



ఈసారి గోడ పత్రికలో సైన్సు పేజీ నన్ను రాయమన్నారు. అందరూ గ్రహాల గురించో, చెట్ల గురించో రాస్తారు. నేను ఇంజను గురించి రాస్తున్నాను. నవ్వకండి. చివరి దాకా చదవండి.

ముందుగా ఒక మాట చెప్పాలి. సంక్రాంతి సెలవులు అయినాక నేను 6 రోజులు ఆలస్యంగా హాస్టలుకు వచ్చాను. మేడం అడిగితే జ్వరం వచ్చింది అన్నాను. అది అబద్ధం. నాకు జ్వరం రాలేదు. మా ఇంజనుకు వచ్చింది. ఆ 6 రోజులు నేను ఏం చేశానో ఈ పేజీలో రాస్తున్నాను. మేడం కూడా చదువుతారు కాబట్టి క్షమించమని ఇక్కడే అడుగుతున్నాను.

మా ఇంటి సంగతి

మాది గంగారం మండలం వైపు కోయ గూడెం. మా పోడు చెలక అడవి అంచున, వాగు ఒడ్డున ఉంది. ఊర్లో కరెంటు ఉంది కానీ చెలక దాకా స్తంభాలు రాలేదు. అందుకే బాపు పెట్రోల్ ఇంజను పెట్టి వాగులో నీళ్లు గుంజి మిర్చికి పారిస్తాడు. ఆ ఇంజను నేను పుట్టకముందుదే. పెట్రోల్ తో స్టార్ట్ చేసి, వేడెక్కినాక కిరోసిన్ మీద నడిపే రకం. ఇప్పుడు కిరోసిన్ దొరకటం కష్టమని బాపు మొత్తం పెట్రోల్ తోనే నడుపుతున్నాడు.

మేము ఎకరంన్నర మిర్చి వేశాము. ఎర్ర నేల కాబట్టి నీళ్లు ఎక్కువ రోజులు ఆగవు. పూత, కాయ ఉన్నప్పుడు నీళ్లు అందకపోతే పూత రాలిపోతుంది. భోగి నాడు పొద్దున బాపు తాడు చుట్టి గుంజిండు. ఇంజను లేవలేదు. ఇరవై సార్లు, ముప్పై సార్లు గుంజిండు. చివరికి భుజం పట్టుకొని గట్టు మీద కూర్చున్నడు. మధ్యాహ్నం వరకు మిర్చి ఆకులు వాడిపోయి కిందికి వాలినయి.

నాకు ఎందుకు భయమేసిందంటే, పోయిన ఏడు మా గూడెంలో నాతో చదివిన పిల్ల వాళ్ల పంట పోతే ఇంటోళ్లతో ఖమ్మం వైపు మిర్చి ఏరటానికి పోయింది. మళ్లీ బడికి రాలేదు. మా మిర్చి మీద కూడా వడ్డీకి తెచ్చిన పైసలు ఉన్నయి. అవ్వ ఏమీ అనలేదు కానీ, నా హాస్టలు పెట్టె వైపు చూసింది. నాకు అర్థమైంది.

అసలు మ్యాగ్నెటో అంటే ఏమిటి?

పెట్రోల్ ఇంజను నడవాలంటే మూడు కావాలి. ఒకటి పెట్రోల్, గాలి కలిసిన ఆవిరి. రెండు, ఆ ఆవిరిని ముషలకం గట్టిగా నొక్కటం. మూడు, సరిగ్గా ఆ సమయానికి ఒక నిప్పురవ్వ. ఆ నిప్పురవ్వ ప్లగ్గు కొసన వస్తుంది. కారులో అయితే దానికి బ్యాటరీ ఉంటుంది. మా ఇంజనులో బ్యాటరీ లేదు. మరి కరెంటు ఎక్కడిది?

దాన్ని ఇంజనే తయారు చేసుకుంటుంది. తాడు చుట్టే పెద్ద చక్రం ఉంటుంది కదా, దాని లోపల అయస్కాంతాలు బిగించి ఉంటాయి. చక్రం పక్కన రాగి తీగ చుట్టిన ఇనుప ముక్క ఉంటుంది. దాన్ని కాయిల్ అంటారు. అయస్కాంతం కాయిల్ ముందు నుంచి పోతే తీగలో కరెంటు పుడుతుంది. దీన్ని 1831లో ఫారడే అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. అక్కల 10వ తరగతి పుస్తకంలో విద్యుదయస్కాంతత్వం పాఠంలో ఉంది. సైకిల్ డైనమో కూడా ఇదే. చక్రం తిరిగితేనే లైటు, ఆగితే చీకటి.

కానీ డైనమో కరెంటుతో చిన్న బల్బు వెలుగుతుంది తప్ప, నిప్పురవ్వ గాలిలోకి దూకదు. ప్లగ్గు దగ్గర రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. అందుకే కాయిల్ లో రెండు చుట్లు ఉంటాయి. లోపల లావు తీగ కొన్ని వందల చుట్లు. దాని మీద వెంట్రుక లాంటి సన్న తీగ వేల చుట్లు. లావు తీగలో కరెంటు పారుతున్నప్పుడు దాన్ని ఒక్కసారిగా తెంపితే, సన్న తీగలో పది వేల వోల్టులు, ఇంకా ఎక్కువ కూడా పుడతాయి.

ఇది నాకు మొదట అర్థం కాలేదు. తెంపితే కరెంటు పోవాలి కదా, ఎక్కువ ఎట్లా అవుతుంది? తర్వాత మోటరు పైపు గుర్తుకొచ్చింది. పైపులో నీళ్లు జోరుగా పోతున్నప్పుడు వాల్వు మెల్లగా మూస్తే ఏం కాదు. ఒక్కసారి మూస్తే పైపు దడ్ మని కొట్టుకుంటుంది. ఒక్కోసారి జాయింటు ఊడిపోతుంది. పారేది అకస్మాత్తుగా ఆగితే దాని జోరు ఎక్కడో ఒక చోట బయట పడాలి. కాయిల్ లో ఆ దెబ్బ ప్లగ్గు దగ్గర రవ్వగా బయట పడుతుంది.

తెంపే పని పాయింట్లు చేస్తాయి. అవి రెండు చిన్న లోహపు బొత్తాలు. ఒకదానికొకటి ఆని ఉంటాయి. ఇంజను తిరుగుతుంటే ఒక ఉబ్బు వచ్చి వాటిని సరిగ్గా సమయానికి విడదీస్తుంది. అప్పుడే రవ్వ.

ఇంకో వస్తువు ఉంది, కండెన్సర్. బొటనవేలంత రేకు డబ్బా. పాయింట్లు విడిపోయేటప్పుడు కరెంటు ఊరుకోదు, ఆ సందులోంచే దూకాలని చూస్తుంది. అట్లా దూకితే పాయింట్లు కాలిపోతాయి, తెంపటం కూడా మెల్లగా అయి ప్లగ్గు దగ్గర రవ్వ బలహీనపడుతుంది. కండెన్సర్ ఆ కరెంటును తనలోకి తీసుకుంటుంది. కాలువకు అడ్డకట్ట వేసేటప్పుడు పక్కన గుంత తీస్తాం కదా, నీళ్లు అందులోకి పోయి కట్ట తెగకుండా ఉంటుంది. అట్లా అన్నమాట.

మీకు తెలుసా?

• జర్మనీలో రాబర్ట్ బాష్ 1887లో ఒక చోట నిలబెట్టి నడిపే ఇంజనుకు మ్యాగ్నెటో చేశాడు. ఆయన దగ్గర పనిచేసిన గాట్లోబ్ హోనోల్డ్ 1902లో ఎక్కువ వోల్టుల మ్యాగ్నెటోను ప్లగ్గుతో కలిపి తయారు చేశాడు. మా వాగు ఇంజనులో ఉన్నది దాని మనవడే.

• 1917లో అమెరికాలో హెన్రీ ఫోర్డు ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లు తయారు చేయటం మొదలుపెట్టాడు. వాటిలో చక్రం మీద అయస్కాంతాలు పెట్టి కరెంటు పుట్టించేవారు. అప్పటి ట్రాక్టర్లు చాలా వరకు కిరోసిన్ తోనే నడిచేవి. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి.

• మన ఊర్లలో తిరిగే ట్రాక్టర్లకు మ్యాగ్నెటో ఉండదు. అవి డీజిల్ వి. డీజిల్ ఇంజనులో గాలిని బాగా నొక్కితే అదే మండేంత వేడెక్కుతుంది, రవ్వ అక్కర లేదు. అందుకే డీజిల్ ఇంజనుకు ప్లగ్గు వెతికితే దొరకదు. నేను వెతికాను!

• పాత లూనాలు, టి.వి.ఎస్. 50 బండ్లకు కూడా మ్యాగ్నెటోనే. అందుకే బ్యాటరీ లేకున్నా తొక్కితే స్టార్ట్ అయ్యేవి.

• చిన్న పెట్రోల్ విమానాల్లో ఇప్పటికీ మ్యాగ్నెటోలే వాడతారు. ఒకటి ఆగినా ఇంకోటి ఉండాలని రెండు పెడతారు.

ఆగిన ఇంజనును వరుసగా ఎట్లా చూడాలి?

మా బాపుకు ఇంజను నడపటం వచ్చు, వాగు లోతు చూసి పైపు వేయటం వచ్చు. కానీ చదువు రాదు. ఇంజనుతో వచ్చిన బుక్కు దూలం మీద గుడ్డలో చుట్టి ఉంది. ఎవరూ విప్పలేదు. అది ఇంగ్లీషులో ఉంది. నాకు సగం మాటలు రాలేదు. కానీ బొమ్మలు, అంకెలు అర్థమైనయి. బుక్కులోంచి, మండలంలో బండ్లు బాగు చేసే ఒక అన్న దగ్గర నుంచి నేర్చుకున్నవి ఇవి. ముఖ్యమైన విషయం: సులువుగా చూడగలిగేవి ముందు, విప్పాల్సినవి తర్వాత. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది బాగు చేసిందో తెలియదు.

1. పెట్రోల్ వస్తుందా? తాడు నాలుగైదు సార్లు గుంజి ప్లగ్గు విప్పి చూడాలి. కొస తడిగా ఉండి పెట్రోల్ వాసన వస్తే పెట్రోల్ అందుతుంది, తప్పు రవ్వ దగ్గర ఉండొచ్చు. పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు, అప్పుడు ట్యాంకు ట్యాపు, కార్బురేటర్ చూడాలి. మాది తడిగా ఉంది.

2. రవ్వ వస్తుందా? ముందు ట్యాంకు ట్యాపు కట్టేయాలి. కింద పడిన పెట్రోల్ తుడవాలి. విప్పిన ప్లగ్గును దాని వైరుకే తగిలించి, ప్లగ్గు ఇనుప ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించాలి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా పెట్టాలి, ఎందుకంటే అక్కడి నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది, అంటుకోవచ్చు. ప్లగ్గును చేతితో పట్టుకోవద్దు. ఇంకొకరు తాడు గుంజాలి. నీలం రంగు రవ్వ చటక్ చటక్ మని వస్తే మంచిది. పసుపు, ఎరుపు రంగులో సన్నగా వస్తే బలం లేదు. ఎండలో కనిపించదు, నీడ పట్టాలి. మేము అవ్వ చీర కొంగు అడ్డం పెట్టి చూశాము. రవ్వ లేదు.

3. ప్లగ్గు మంచిదేనా? ప్లగ్గు నల్లగా మసి పట్టి ఉంటే శుభ్రం చేయాలి. తెల్లటి పింగాణీ పగిలితే పారేయాలి. కొసల మధ్య సందు బుక్కులో చెప్పినంత ఉండాలి. మా దాంట్లో 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. మంచి ప్లగ్గు పెట్టి చూస్తే తేలిపోతుంది. పెట్టాము. అయినా రవ్వ లేదు.

4. ఆపే వైరు. ఇది చాలా మందికి తెలియదు. ఇంట్లో స్విచ్చి ఆపితే వైరు తెగుతుంది, లైటు ఆరుతుంది. మ్యాగ్నెటోలో దీనికి తలకిందులు. ఇంజను ఆపే బటన్ నొక్కితే కాయిల్ వైరు ఇంజను ఇనుముకు కలుస్తుంది. అప్పుడు పాయింట్లు విడిపోయినా కరెంటు తెగదు, రవ్వ రాదు. కాబట్టి ఆ వైరు తొడుగు ఎక్కడైనా ఊడి ఇనుముకు తగిలితే, ఎవరూ బటన్ నొక్కకున్నా నొక్కినట్టే! మా వైరు బిగింపు పట్టీ కింద ఒరుసుకొని రాగి బయటికి వచ్చింది. దాన్ని విప్పి పక్కకు పెట్టి గుంజితే రవ్వ వచ్చింది!

నేను గంతులు వేశాను. కానీ రవ్వ పసుపు రంగులో ఉంది. ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. అంటే తప్పు ఒక్కటి కాదు, రెండు. వైరుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టి ముందుకు పోయాము.

5. పాయింట్లు. మా చక్రానికి చిన్న కిటికీ ఉంది, అందులోంచి పాయింట్లు కనిపిస్తాయి. నల్లగా కాలి ఉన్నాయి. సన్నని గరుకు కాగితంతో మెల్లగా రుద్దాను. పెట్టి గుంజితే ఈసారి రవ్వ అసలే లేదు! బాపు, “ఇక ముట్టకు బిడ్డా, ఉన్నది కూడా పోయింది” అన్నడు. ఏడుపొచ్చింది. రాత్రంతా ఆలోచించాను. తప్పు నాదే. రుద్దినాక పొడి పాయింట్ల మధ్యే ఉండిపోయింది, నా వేళ్ల నూనె కూడా అంటింది. పొద్దున నోటుబుక్కు తెల్ల కాగితం చీల్చి పాయింట్ల మధ్య పెట్టి, నల్లగా రావటం ఆగే దాకా లాగాను. రవ్వ తిరిగి వచ్చింది. మీరు రుద్దితే తప్పక తుడవండి.

తర్వాత సందు కొలవాలి. చక్రాన్ని మెల్లగా తిప్పి పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఆపాలి. చాలా చిన్న ఇంజన్లలో సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. కొలిచే పనిముట్టు మాకు లేదు. గడ్డం గీసుకునే బ్లేడు మందం సుమారు 0.1 మిల్లీమీటర్. నాలుగు బ్లేడ్లు కలిపితే 0.4. బాపు పాత బ్లేడ్లతో కొలిచాము. అంచులు కోస్తాయి, చిన్న పిల్లలు చేయొద్దు. మా సందు మూడు బ్లేడ్లు కూడా పట్టనంత తక్కువగా ఉంది. స్క్రూ వదులు చేసి సరిచేశాము.

అప్పుడు రవ్వ నీలంగా వచ్చింది. ఇంజను లేచింది! వాగు నీళ్లు పైపులో గుడగుడమని వచ్చి మొదటి సాలులో పడినయి. అవ్వ చెప్పులు విడిచి ఆ నీళ్లలో నిలబడింది.

6. కండెన్సర్. సంతోషం రెండు రోజులే. మూడో రోజు మళ్లీ దగ్గి ఆగింది. కిటికీలోంచి చూస్తే పాయింట్లు మళ్లీ నల్లగా కాలినయి. అప్పుడు నాకు పుస్తకం గుర్తుకొచ్చింది. పాయింట్లు రెండు రోజుల్లో ఎందుకు కాలుతాయి? కరెంటు వాటి మధ్య దూకుతుంది కాబట్టి. దూకకుండా చూసేది ఎవరు? కండెన్సర్. అంటే కాలిన పాయింట్లు అసలు రోగం కాదు, రోగం గుర్తు. ఒంటి మీద వేడి చూసి తడిగుడ్డ వేస్తే మలేరియా పోతుందా? రక్తం చూసి మందు వేయాలి.

కండెన్సర్ మార్చాలంటే చక్రం విప్పాలి. దీనికి పుల్లర్ అనే పనిముట్టు కావాలి. సుత్తితో కొట్టి తీయవద్దు. కొడితే ఇరుసు కొస చెడిపోతుంది, అయస్కాంతం పగలొచ్చు, బలం కూడా తగ్గొచ్చు. బండ్లు బాగు చేసే అన్న పుల్లర్ ఇచ్చి తనే వచ్చిండు. కండెన్సర్ కోసం బాపు మహబూబాబాద్ పోయిండు. మొదటి రోజు దొరకలేదు. రెండో రోజు దొరికింది, 120 రూపాయలు. నా 6 రోజుల ఆలస్యంలో ఎక్కువ భాగం ఇక్కడే పోయింది.

7. చక్రం తాళం. చక్రం తీసినప్పుడు ఇరుసు గాడిలో చిన్న ఇనుప ముక్క ఉంటుంది. దాన్ని కీ అంటారు. అది సగం తెగితే చక్రం కొంచెం జరుగుతుంది. అప్పుడు రవ్వ నీలంగా బాగానే వస్తుంది కానీ రావాల్సిన సమయానికి రాదు. ఇంజను లేవదు, లేదా తాడును ఎదురు గుంజి చేతికి దెబ్బ తగిలిస్తుంది. రవ్వ ఉంది, పెట్రోల్ ఉంది, అయినా లేవదు అంటే దీన్ని చూడాలి. మాది బాగానే ఉంది.

8. కాయిల్. దీన్ని చివరికి అనుమానించాలి, ఎందుకంటే ఇది ఖరీదు. కాయిల్ చెడితే ఒక గుర్తు ఉంటుంది: చల్లగా ఉన్నప్పుడు ఇంజను బాగా లేస్తుంది, అరగంట నడిచి వేడెక్కినాక ఆగుతుంది, చల్లారే దాకా మళ్లీ లేవదు. వేడికి లోపల సన్న తీగ ఎడమవటమో, తొడుగు చెడి ఒకదానికొకటి కలవటమో జరుగుతుంది. అట్లాగని వేడికి ఆగిన ప్రతిసారీ కాయిలే అనుకోవద్దు. కండెన్సర్ చెడినా, ట్యాంకు మూత రంధ్రం మూసుకుపోయినా ఇట్లాగే ఆగుతుంది.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్తాను. పోయిన ఏడు కూడా ఇంజను ఇట్లాగే దగ్గింది. అప్పుడు ఒక చోట చూపిస్తే కాయిల్ పోయింది అని 900 రూపాయలు తీసుకొని కొత్తది వేశారు. పాయింట్లు కూడా రుద్దినట్టున్నారు, కొన్ని నెలలు నడిచింది. పాత కాయిల్ మా గుడిసె మూలన పడి ఉంది. ఈసారి కొత్త కండెన్సర్ వేసినాక, చక్రం విప్పే ఉంది కదా అని ఆ పాత కాయిల్ బిగించి చూద్దామన్నాను. అన్న నవ్వి బిగించిండు. ఇంజను రెండు గంటలు ఆగకుండా నడిచింది. అంటే కాయిల్ పోలేదు. మా 900 రూపాయలే పోయినయి. బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 900 అంటే అవ్వ మూడు రోజులు వంగి మిర్చి ఏరిన కూలి.

పాయింట్లు లేని ఇంజన్లు

జనగామ వైపు తండాల నుంచి వచ్చిన మన క్లాసు పిల్లలు, “మాకు బోర్లు, కరెంటు మోటర్లే, నీ ఇంజను మాకెందుకు?” అన్నరు. మరి పత్తికి వీపున వేసుకొని మందు కొట్టే పెట్రోల్ పంపు మీ దగ్గర లేదా? దాంట్లోనూ మ్యాగ్నెటోనే. కాకపోతే కొత్త వాటిలో పాయింట్లు, కండెన్సర్ బదులు ఎలక్ట్రానిక్ ముక్క కాయిల్ లోనే పోసి ఉంటుంది. అక్కడ రుద్దేది ఏమీ లేదు. ప్లగ్గు, ప్లగ్గు టోపీ, ఆపే వైరు, చక్రానికి కాయిల్ కు మధ్య సందు చూడాలి. చాలా వాటిలో ఆ సందు పోస్టు కార్డు మందం అంత ఉంటుంది. అక్కడ తుప్పు, మట్టి ఉంటే తుడవాలి. అయినా రవ్వ లేకపోతే కాయిల్ మార్చటమే.

వరదలో మునిగితే?

భూపాలపల్లి వైపు అక్కలకు ఇది అవసరం. 2023 జూలై 27న మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. జనం ఇండ్ల మీదికి ఎక్కారు. 2024 సెప్టెంబరు 1న మా జిల్లాలో ఆకేరు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అట్లాంటప్పుడు వాగు ఒడ్డు ఇంజన్లు మునుగుతాయి. ముందు మనుషులు, పశువులు. ఇంజను తర్వాత.

నీళ్లు తీసినాక వెంటనే తాడు గుంజవద్దు. లోపల నీళ్లు ఉంటే ముషలకం నొక్కలేదు, ఇనుము వంగుతుంది. ప్లగ్గు విప్పి మెల్లగా తిప్పి నీళ్లు బయటికి పంపాలి. ఆయిల్ తెల్లగా మజ్జిగ లాగ అయితే నీళ్లు కలిసినట్టు, పారబోసి కొత్తది పోయాలి. పెట్రోల్ ట్యాంకు కూడా ఖాళీ చేయాలి. చక్రం మూత తీసి కాయిల్ ను నీడలో గాలికి రెండు రోజులు ఆరబెట్టాలి. పొయ్యి మీద, మంట దగ్గర పెట్టవద్దు, లోపలి తొడుగు కరుగుతుంది. పాయింట్లకు తుప్పు పడితే రుద్ది కాగితంతో తుడవాలి.

జాగ్రత్తలు

• తాడు గుంజేటప్పుడు ప్లగ్గు వైరు ముట్టవద్దు. షాకు కొడుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు దగ్గరికి కూడా రావద్దు.
• తాడును చేతికి చుట్టుకోవద్దు. ఎదురు గుంజితే వేలు పోతుంది.
• చున్నీ, జడ వెనక గట్టిగా కట్టుకోవాలి. చక్రానికి కన్నుండదు.
• దీపం, బీడీ దగ్గర పెట్రోల్ పని చేయవద్దు. ఈ మాట బాపుకు చెప్పటానికి నాకు ధైర్యం చాల్లేదు. అవ్వతో చెప్పించాను.

చేసి చూడండి

మన లాబ్ లో గాల్వనామీటర్ ఉంది. సారును అడిగి రాగి తీగను పెన్ను మీద వంద చుట్లు చుట్టి, పెన్ను తీసేసి, రెండు కొసలు గాల్వనామీటర్ కు కలపండి. చుట్ట లోపలికి అయస్కాంతం మెల్లగా పెడితే ముల్లు కొంచెం కదులుతుంది. వేగంగా పెడితే ఎక్కువ కదులుతుంది. లోపల కదలకుండా ఉంచితే ముల్లు సున్నా దగ్గరికి వస్తుంది. ఇంజను తాడు మెల్లగా గుంజితే రవ్వ రాకపోవటం, జోరుగా గుంజితే రావటం ఎందుకో మీకే తెలుస్తుంది. చేతితో తిప్పే పాత ట్రాక్టర్లకు కొన్నిటికి ఇందుకోసమే మ్యాగ్నెటోలో స్ప్రింగు పెట్టేవారు. అది అయస్కాంతాన్ని కాసేపు ఆపి టక్ మని వదిలేది, అప్పుడు మెల్లగా తిప్పినా రవ్వ గట్టిగా వచ్చేది.

చివరి మాట

మా మిర్చి మొత్తం బతకలేదు. వాగుకు దూరంగా ఉన్న పది సాళ్లలో పూత రాలింది. మిగతాది నిలబడింది. నేను హాస్టలుకు వచ్చే రోజు బాపు ఇంజను బుక్కును మళ్లీ దూలం మీద పెట్టలేదు. ప్లాస్టిక్ కవర్ లో పెట్టి గోడకు తగిలించిండు. “చదివేటోళ్లు ఉన్నరు కదా, అందేటట్టు ఉండాలె” అన్నడు.

మొదటి రోజు బాపు నన్ను, “ఆడపిల్లవు, పక్కకు జరుగు” అన్నడు. ఇప్పుడు మా గూడెంలో ఇంకో ఇద్దరి ఇంజన్లు ఆగినయట. వేసవి సెలవులకు వచ్చినప్పుడు చూడమని కబురు పంపారు. ఈసారి సెలవులు అయిన రోజే వస్తాను మేడం. ఇది అబద్ధం కాదు.

మీ ఇంట్లో ఏ ఇంజను ఆగినా, ముందు 1 నుంచి 4 వరకు మీరే చూడండి. వాటికి ఒక పానా, ఒక ప్లగ్గు, కొంచెం ఓపిక చాలు. ఇందులో తప్పులు ఉంటే ఫిజిక్సు సారు ఎర్ర పెన్నుతో ఇక్కడే దిద్దండి. నేను పేజీ మార్చి రాస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని